ఆల్కహాల్ నుంచి ఆల్కీన్: సైక్లోహెక్సీన్‌ను తయారు చేసి, దాని ద్విబంధాన్ని పరీక్షించడం ఎలా?

ఆల్కీన్‌ల గురించి, అంటే రెండు కార్బన్‌ల మధ్య ద్విబంధం ఉన్న హైడ్రోకార్బన్‌ల గురించి, ఇంటర్మీడియట్‌లో చదువుకున్న విద్యార్థి డిగ్రీ ప్రయోగశాలలో స్వయంగా తయారు చేసే మొదటి ఆల్కీన్ సాధారణంగా సైక్లోహెక్సీనే అవుతుంది. ఈ ఎంపికకు తగిన కారణాలున్నాయి. ఇథిలీన్, ప్రొపీన్, బ్యూటీన్‌లు గది ఉష్ణోగ్రత వద్ద వాయువులు కాబట్టి వాటిని పట్టి, కడిగి, ఆరబెట్టి, తూచడం కొత్తవారికి సాధ్యమయ్యే పని కాదు. సైక్లోహెక్సీన్ 83 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవం. పైగా సైక్లోహెక్సనాల్ అణువులో హైడ్రాక్సిల్ సమూహానికి రెండు పక్కలా ఉన్న కార్బన్‌లు ఒకే రకానివి కాబట్టి, నీరు ఏ పక్క హైడ్రోజన్‌ను తీసుకుపోయినా ఒకే ఆల్కీన్ వస్తుంది. ఉత్పన్నాల మిశ్రమాన్ని వేరు చేసే బాధ ఉండదు. ఫ్యూమ్ హుడ్ ఉన్న ప్రయోగశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలో ఈ ప్రయోగం చేయబోయేవారి కోసం ఈ పద్ధతిని, ప్రతి మెట్టు వెనుక ఉన్న కారణంతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

చర్య ఎటు నడుస్తుందో ముందు తెలుసుకోండి

సైక్లోహెక్సనాల్‌లోని హైడ్రాక్సిల్ సమూహం తనంతట తాను విడిపోదు. ఆమ్లం నుంచి ఒక ప్రోటాన్‌ను గ్రహించి ఆక్సోనియం అయాన్‌గా మారిన తరువాతే అది నీటి అణువు రూపంలో బయటికి పోగలదు. నీరు విడిచిపోయిన కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది. ఆ కార్బోకాటయాన్ పక్కనున్న కార్బన్ తన ప్రోటాన్‌ను వదులుకోగానే ద్విబంధం ఏర్పడుతుంది. వదిలిన ప్రోటాన్ తిరిగి ఆమ్లానికే చేరుతుంది కాబట్టి ఆమ్లం ఉత్ప్రేరకం మాత్రమే, ఖర్చయ్యే పదార్థం కాదు.

ఈ మెట్లన్నీ ద్విగత చర్యలే అన్నది ఈ ప్రయోగానికి ప్రాణం వంటి విషయం. ఏ దారిన నీరు పోయిందో అదే దారిన తిరిగి వచ్చి ద్విబంధానికి చేరుకోగలదు, అప్పుడు మళ్లీ ఆల్కహాలే మిగులుతుంది. ఇథిలీన్‌ను నీటి ఆవిరితో కలిపి, సిలికా మీద పట్టించిన ఫాస్ఫారిక్ ఆమ్లం మీదుగా సుమారు 300 డిగ్రీల వద్ద, 60 నుంచి 70 అట్మాస్ఫియర్‌ల పీడనంతో పంపి పరిశ్రమల్లో ఇథనాల్ తయారు చేస్తారు. అంటే మనం నీటిని తీసివేయడానికి వాడే ఆమ్లాన్నే వారు నీటిని చేర్చడానికి వాడుతున్నారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జపాన్‌కు చెందిన అసాహీ సంస్థ పద్ధతి ఉంది. అందులో జియోలైట్ ఉత్ప్రేరకం సాయంతో సైక్లోహెక్సీన్‌కే నీటిని చేర్చి సైక్లోహెక్సనాల్‌ను రాబడతారు. ఉత్ప్రేరకం ఏ దిశ పక్షమూ వహించదు, దిశను నిర్ణయించేవి పరిస్థితులే. మన ప్రయోగంలో ఆ పరిస్థితి ఒక్కటే: ఏర్పడిన ఆల్కీన్‌నూ నీటినీ ఏర్పడినట్టే ఫ్లాస్క్‌లోంచి బయటికి తీసివేయడం. అందుకే ఇక్కడ చర్య, స్వేదనం రెండు వేర్వేరు పనులు కావు, ఒకే పని.

సిద్ధం చేసుకోవలసినవి

20 గ్రాముల సైక్లోహెక్సనాల్, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు, కొంచెం ఉప్పు, 5 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణం, గింజల రూపంలో ఉన్న నిర్జల కాల్షియం క్లోరైడ్, కొన్ని పింగాణీ ముక్కలు చాలు. పరికరాల్లో 100 మిల్లీలీటర్ల గుండ్రటి అడుగు ఫ్లాస్క్, చిన్న అంశిక స్వేదన స్తంభం, థర్మామీటర్, నీటితో చల్లబరిచే కండెన్సర్, సెపరేటింగ్ ఫన్నెల్, హీటింగ్ మాంటిల్ కావాలి.

చాలా పాత ప్రయోగ పుస్తకాల్లో ఇదే పనికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడమని ఉంటుంది. నా సలహా అయితే ఫాస్ఫారిక్ ఆమ్లమే వాడమని. సల్ఫ్యూరిక్ ఆమ్లం నిర్జలీకరణంతో ఆగదు; ఆల్కహాల్‌ను ఆక్సీకరణం చేసి తాను సల్ఫర్ డయాక్సైడ్‌గా క్షయకరణం చెందుతుంది, ఏర్పడిన ఆల్కీన్‌లో కొంత భాగాన్ని పాలిమర్‌గా మార్చివేస్తుంది, చివరికి ఫ్లాస్క్ అడుగున నల్లటి తారు మిగులుస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చర్య కొంత నెమ్మదిగా నడిచినా ఉత్పన్నం శుభ్రంగా వస్తుంది, ఫ్లాస్క్ కడగడమూ తేలిక.

సైక్లోహెక్సీన్ తేలికగా అంటుకునే ద్రవం, దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) సున్నా డిగ్రీలకన్నా తక్కువ. కాబట్టి ఆ గదిలో బున్సెన్ బర్నర్ వెలుగుతూ ఉండకూడదు, పక్క బల్ల మీద కూడా. దాని వాసన ఘాటుగా, తల తిప్పేలా ఉంటుంది కనుక పని మొత్తం హుడ్‌లోనే జరపండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మొదటి మెట్టు: తూచడం, కలపడం

సైక్లోహెక్సనాల్ 25 డిగ్రీల దగ్గర గడ్డకట్టే పదార్థం. వేసవిలో ఇది నూనెలా చిక్కగా ఉంటుంది, మార్గశిర పుష్య మాసాల ఉదయాల్లో మాత్రం సీసాలో గట్టిపడి కనిపిస్తుంది. అలా ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో కొంతసేపు నిలబెట్టండి. దీన్ని కొలజాడీతో కొలవడం మంచిది కాదు, ఎందుకంటే చిక్కదనం వల్ల గణనీయమైన భాగం జాడీ గోడలకే అంటుకుని ఉండిపోయి, మీరు చివర వేసే దిగుబడి లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఫ్లాస్క్‌ను త్రాసు మీద పెట్టి నేరుగా అందులోకే 20 గ్రాములు తూచండి.

తరువాత ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పుతూ కలపండి. ఈ కలపడంలో తొందరపడకూడదు. ఆమ్లం ఆల్కహాల్ కన్నా బరువైనది కనుక కదపకుండా వదిలితే అడుగున పొరగా నిలిచిపోతుంది, ఆ స్థితిలో వేడి చేస్తే పొరలు కలిసే చోట ద్రవం నల్లబడుతుంది. రెండూ ఏకరీతిగా కలిసిన తరువాత రెండు మూడు పింగాణీ ముక్కలు వేయండి. ముక్కలు వేయడం మరిచి వేడి చేయడం మొదలుపెట్టారని గుర్తొస్తే, వేడి ఆపి ద్రవం చల్లారాకే వేయాలి. మరిగే స్థితిలో ఉన్న ద్రవంలో వేస్తే అది ఒక్కసారిగా పొంగి పైకి తన్నుకొస్తుంది.

రెండవ మెట్టు: థర్మామీటర్‌ను చదువుతూ స్వేదనం చేయడం

ఫ్లాస్క్ మీద స్తంభాన్ని, దాని మీద స్వేదన శీర్షాన్ని, పక్కన కండెన్సర్‌ను అమర్చండి. థర్మామీటర్ బల్బు పై అంచు, ఆవిరి పక్కకు మళ్లే గొట్టపు కింది అంచుతో సమానంగా ఉండాలి. బల్బు అంతకన్నా పైన ఉంటే ఆవిరి దాన్ని పూర్తిగా తాకదు, అది చూపే అంకె నిజంకన్నా తక్కువగా ఉంటుంది. కండెన్సర్‌లోకి నీరు కింది గొట్టం నుంచి వచ్చి పై గొట్టం నుంచి పోవాలి. సంగ్రాహక ఫ్లాస్క్‌ను మంచు గడ్డల తొట్టిలో పెట్టండి. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీరే వేడిగా ఉంటుంది కాబట్టి ఆ కాలంలో ఈ మంచు తొట్టి లేకుండా ప్రయోగం మొదలుపెట్టకండి, లేకపోతే మీ ఉత్పన్నంలో మంచి భాగం వాసనగా మారి గదిలోకి పోతుంది.

ఇప్పుడు మాంటిల్‌ను నెమ్మదిగా వేడి చేయండి. ద్రవం మరిగి, ఆవిరి స్తంభం లోపల తడి అంచులా పైకి పాకుతూ కనిపిస్తుంది. అది బల్బును తాకగానే థర్మామీటర్ చకచకా పెరిగి సుమారు 70 డిగ్రీల వద్ద నిలదొక్కుకుంటుంది. సైక్లోహెక్సీన్ 83 డిగ్రీల వద్ద మరుగుతుందని చదువుకున్న విద్యార్థి ఇక్కడ కంగారు పడి వేడి పెంచుతాడు. అలా పెంచవలసిన పని లేదు. సైక్లోహెక్సీన్, నీరు కలిసి ఒక అజియోట్రోప్‌గా, అంటే విడివిడిగా కాక ఒకే మిశ్రమంగా, 71 డిగ్రీలకు కొద్దిగా లోపే మరుగుతాయి. అందులో బరువు ప్రకారం సుమారు పదో వంతు నీరు ఉంటుంది. అందువల్లే సంగ్రాహకంలో పడే చుక్కలు మబ్బుగా కనిపించి, కొంతసేపటికి రెండు పొరలుగా విడిపోతాయి. ఆ మబ్బుదనం నీరు కూడా బయటికి వస్తోందనడానికి, అంటే చర్య కోరిన దిశలోనే నడుస్తోందనడానికి గుర్తు.

స్తంభం ఎందుకన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. సైక్లోహెక్సనాల్ మరుగు స్థానం 161 డిగ్రీలు, సైక్లోహెక్సీన్‌ది 83. ఇంత తేడా ఉన్నప్పుడు సాధారణ స్వేదనం సరిపోదా అని అనిపించవచ్చు. అయితే సైక్లోహెక్సనాల్ కూడా నీటితో అజియోట్రోప్ ఏర్పరచి 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఫ్లాస్క్‌లో నీరు పుడుతూనే ఉంటుంది కాబట్టి మనం జాగ్రత్త పడవలసిన అంకె 161 కాదు, 98. పై భాగంలో ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటకుండా వేడిని అదుపు చేస్తే, చర్య జరగని ఆల్కహాల్ స్తంభంలోనే చల్లబడి కిందికి జారి, ఆమ్లాన్ని మళ్లీ కలుసుకునే అవకాశం పొందుతుంది. అంకె 90కి చేరువవుతుంటే మాంటిల్‌ను తగ్గించండి. రెండు మూడు సెకన్లకు ఒక చుక్క చొప్పున పడటం సరైన వేగం. అంతకన్నా వేగంగా లాగితే సమయం మిగులుతుంది కానీ ఆల్కహాల్ కూడా వెంట వస్తుంది, దాన్ని తరువాత వేరు చేయడం శ్రమ.

ఫ్లాస్క్‌లో కొన్ని మిల్లీలీటర్ల చిక్కటి ద్రవం మాత్రమే మిగిలి, అందులో తెల్లటి పొగలు కనిపించడం మొదలైనప్పుడు, లేదా వేడి అలాగే ఉన్నా పై ఉష్ణోగ్రత పడిపోతున్నప్పుడు, స్వేదనం ఆపండి. ఫ్లాస్క్‌ను ఎండిపోయేదాకా వేడి చేయకూడదు.

మూడవ మెట్టు: కడగడం

సంగ్రాహకంలోని ద్రవంలో సైక్లోహెక్సీన్‌తో పాటు నీరు, కొద్దిగా సైక్లోహెక్సనాల్, ఆమ్లపు జాడలు ఉంటాయి. అందులో ఉప్పు వేసి, ఇక కరగదు అనేంతవరకు కలపండి. సంతృప్తమైన ఉప్పునీటిలో సైక్లోహెక్సీన్ ఇంకా తక్కువగా కరుగుతుంది, పొరలు కూడా స్పష్టంగా విడిపోతాయి. ద్రవాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లోకి మార్చి, కరగని ఉప్పును ఫ్లాస్క్‌లోనే వదిలి, కింది నీటి పొరను తీసివేయండి. సైక్లోహెక్సీన్ సాంద్రత సుమారు 0.81 కనుక అది పై పొరలో ఉంటుంది. ఏది ఏ పొరో అనుమానం వస్తే ఒక చుక్క నీరు పైనుంచి వేసి అది ఎక్కడ కలిసిపోతుందో చూడండి. ప్రయోగం పూర్తయ్యేదాకా ఏ పొరనూ పారబోయకూడదన్న నియమం పెట్టుకుంటే చాలా కష్టాలు తప్పుతాయి.

తరువాత 5 మిల్లీలీటర్ల సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడగండి. ఆమ్లంతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడి ఫన్నెల్‌లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, మొదట మూత పెట్టకుండా నెమ్మదిగా తిప్పి, ఆ తరువాత మూత పట్టుకుని తలకిందులు చేసి, కుళాయి తెరిచి వాయువును వదులుతూ ఉండాలి. కుళాయి ముక్కు ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. ఈ కడుగుడు తప్పించుకోదగినది కాదు. ఆమ్లం కొంచెమైనా మిగిలితే రెండవ స్వేదనంలో అది మళ్లీ ఉత్ప్రేరకంగా పని చేసి, మనం కష్టపడి తెచ్చిన ద్విబంధానికి మిగిలిన నీటిని చేర్చడమో, అణువులను ఒకదానితో ఒకటి కలిపి పాలిమర్ చేయడమో మొదలుపెడుతుంది. కింది పొరను ఎర్ర లిట్మస్ మీద వేసి క్షార గుణం చూపుతోందని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

నాలుగవ మెట్టు: ఆరబెట్టడం, మళ్లీ స్వేదనం

పై పొరను ఫన్నెల్ పై మూతి నుంచి పొడి శంఖాకార ఫ్లాస్క్‌లోకి వంచి, రెండు మూడు గ్రాముల నిర్జల కాల్షియం క్లోరైడ్ వేసి, మూత పెట్టి, మధ్యమధ్యలో తిప్పుతూ 20 నిమిషాలు ఉంచండి. మబ్బుగా ఉన్న ద్రవం అద్దంలా తేటపడాలి. గింజలన్నీ ముద్దగా అతుక్కుపోతే నీరు ఎక్కువగా ఉందని అర్థం, ఇంకొంచెం వేయాలి. ఇక్కడ మెగ్నీషియం సల్ఫేట్‌కు బదులు కాల్షియం క్లోరైడ్‌నే ఎంచుకోవడానికి కారణం ఏమిటంటే, అది నీటితో పాటు మిగిలిన ఆల్కహాల్‌నూ తనతో బంధించుకుంటుంది.

ద్రవాన్ని దూది పెట్టిన గరాటు గుండా వడగట్టి, గింజలను వెనుకే వదలండి. వాటిని కూడా స్వేదన ఫ్లాస్క్‌లో వేస్తే వేడికి అవి పీల్చుకున్న నీటిని తిరిగి ఇచ్చేస్తాయి. ఈసారి పరికరాలన్నీ పూర్తిగా పొడిగా ఉండాలి. మరిగే నీటి తొట్టి మీద స్వేదనం చేసి, 80 నుంచి 85 డిగ్రీల మధ్య వచ్చే భాగాన్ని ముందే తూచి పెట్టుకున్న సీసాలో పట్టండి. చివరి ఒకటి రెండు మిల్లీలీటర్లు ఫ్లాస్క్‌లోనే వదిలేయండి.

దిగుబడి లెక్క చూడండి. 20 గ్రాముల సైక్లోహెక్సనాల్‌ను దాని అణుభారం 100.16తో భాగిస్తే దాదాపు 0.2 మోల్‌లు, సైక్లోహెక్సీన్ అణుభారం 82.14 కనుక సిద్ధాంతపరంగా రావలసింది 16.4 గ్రాములు. మీకు 11.5 గ్రాములు వస్తే అది 70 శాతం, బాగా చేసినట్టే లెక్క. తొంభై శాతం దాటితే సంతోషించే ముందు మరుగు స్థానాన్ని మరోసారి సరిచూడండి, ఎందుకంటే అంత దిగుబడిలో తరచు నీటికీ ఆల్కహాల్‌కూ కూడా వాటా ఉంటుంది.

అయిదవ మెట్టు: ద్విబంధం ఉందని నిరూపించడం

రెండు పరీక్షలు సరిపోతాయి, అయితే ప్రతి పరీక్షనూ మూడు గొట్టాల్లో ఒకేసారి చేయండి: ఒకదానిలో మీరు తయారు చేసిన సైక్లోహెక్సీన్, ఒకదానిలో ద్విబంధం లేని సైక్లోహెక్సేన్, మూడవదానిలో ద్రావణి మాత్రమే. పోలిక లేకుండా రంగు పోయింది, పోలేదు అని రాయడం రికార్డు పుస్తకానికి సరిపోవచ్చు గాని రుజువు కాదు.

మొదటిది బ్రోమిన్ పరీక్ష. పాత పద్ధతిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. అది కాలేయానికి హాని చేస్తుంది కనుక డైక్లోరోమీథేన్ వాడండి. ఒక మిల్లీలీటరు ద్రావణిలో మూడు చుక్కల నమూనా వేసి, 2 శాతం బ్రోమిన్ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలపండి. సైక్లోహెక్సీన్ ఉన్న గొట్టంలో ఎర్ర గోధుమ రంగు పడీపడగానే మాయమవుతుంది. సైక్లోహెక్సేన్‌లో రంగు నిలబడాలి. గొట్టాలను కిటికీ దగ్గర ఎండలో పెడితే మాత్రం సైక్లోహెక్సేన్‌లో కూడా రంగు నెమ్మదిగా పోతుంది, కాంతి సమక్షంలో ఆల్కేన్‌లో ప్రతిక్షేపణ చర్య జరుగుతుంది కాబట్టి. రెండింటికీ తేడా పట్టడం సులభం: ప్రతిక్షేపణలో హైడ్రోజన్ బ్రోమైడ్ వెలువడి గొట్టం మూతి దగ్గర పట్టిన తడి నీలి లిట్మస్‌ను ఎర్రబరుస్తుంది, సంకలనంలో ఏ వాయువూ వెలువడదు.

ఈ సంకలనంలో ఏర్పడేది ట్రాన్స్-1,2-డైబ్రోమోసైక్లోహెక్సేన్. ద్విబంధపు ఎలక్ట్రాన్‌లు బ్రోమిన్ అణువును ఆకర్షించి, ఒక బ్రోమిన్‌ను రెండు కార్బన్‌ల మీదా వంతెనలా నిలిపి, మూడు భుజాల బ్రోమోనియం అయాన్‌ను ఏర్పరుస్తాయి. మిగిలిన బ్రోమైడ్ అయాన్‌కు ఆ ముఖం మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అది వెనుక ముఖం నుంచే దాడి చేయగలదు. రాబర్ట్స్, కింబాల్ 1937లో ప్రతిపాదించిన ఈ వివరణే నేటికీ పాఠ్య పుస్తకాల్లో నిలిచి ఉంది. బ్రోమిన్ నీటితో పరీక్ష చేసినా రంగు పోతుంది, అయితే అక్కడ నీటి అణువులు బ్రోమైడ్‌తో పోటీపడి ఎక్కువగా ట్రాన్స్-2-బ్రోమోసైక్లోహెక్సనాల్‌ను ఇస్తాయి. బ్రోమిన్ చర్మాన్ని లోతుగా కాలుస్తుంది, కనుక పని మొదలుపెట్టకముందే సోడియం థయోసల్ఫేట్ ద్రావణాన్ని పక్కన ఉంచుకోండి. చేతి మీద పడితే ముందుగా ధారాళంగా నీటితో కడగాలి.

రెండవది బేయర్ పరీక్ష. రెండు మిల్లీలీటర్ల నీటిలో ఒక చుక్క సైక్లోహెక్సీన్ వేసి, 1 శాతం పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ గట్టిగా కుదపండి. సైక్లోహెక్సీన్ నీటిలో కలవదు కాబట్టి కుదపడం చాలకపోతే చర్య ఆలస్యమై ఫలితం తప్పుగా కనిపిస్తుంది. ఊదా రంగు పోయి, మాంగనీస్ డయాక్సైడ్ గోధుమ రంగు అవక్షేపంగా దిగుతుంది, ద్విబంధం స్థానంలో సిస్-1,2-సైక్లోహెక్సేన్‌డయోల్ ఏర్పడుతుంది. ఒక్క చుక్క ఆల్కీన్ లెక్క ప్రకారం 5 మిల్లీలీటర్ల పర్మాంగనేట్ ద్రావణం దాకా రంగు పోగొట్టగలదు. కాబట్టి రెండు చుక్కలకే రంగు నిలబడిపోతే అసంతృప్తత (ద్విబంధం) ఉన్నదనడం తొందరపాటు, మలినం వల్ల కూడా అంత మాత్రం రంగు పోతుంది. ఆల్డిహైడ్‌లు, ఫినాల్‌లు ద్విబంధం లేకుండానే ఈ పరీక్షకు లొంగుతాయని కూడా గుర్తుంచుకోండి. బ్రోమిన్ పరీక్షతో కలిపి చూసినప్పుడే దీనికి విలువ. గొట్టాలకు పట్టే గోధుమ మరక సబ్బుకు వదలదు, ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం పోస్తే పోతుంది.

ఇదే పర్మాంగనేట్‌ను వేడిగా, గాఢంగా వాడితే చర్య డయోల్ దగ్గర ఆగదు. వలయం ద్విబంధం వద్ద తెగి, రెండు చివరలా కార్బాక్సిలిక్ సమూహాలున్న అడిపిక్ ఆమ్లం వస్తుంది. నైలాన్ 6,6 తయారీకి కావలసిన రెండు ముడి పదార్థాల్లో అది ఒకటి. ఓజోన్‌తో తెంచి జింక్‌తో క్షయకరణం చేస్తే హెక్సేన్‌డయాల్ దగ్గర ఆగుతుంది.

వేరే ఆల్కహాల్‌తో చేయవలసి వస్తే

సైక్లోహెక్సనాల్‌కు బదులు 2-మిథైల్ సైక్లోహెక్సనాల్ ఇస్తే పద్ధతి మారదు గాని ఉత్పన్నం ఒకటి కాదు. ప్రధానంగా 1-మిథైల్ సైక్లోహెక్సీన్, దానితో పాటు తక్కువ పాళ్లలో 3-మిథైల్ సైక్లోహెక్సీన్ వస్తాయి. ద్విబంధపు కార్బన్‌ల మీద ఎక్కువ ఆల్కైల్ సమూహాలున్న ఆల్కీనే ఎక్కువగా ఏర్పడుతుందన్న సేట్జెఫ్ నియమం 1875 నాటిది. సేట్జెఫ్, మార్కోవ్నికాఫ్ ఇద్దరూ రష్యాలోని కజాన్ విశ్వవిద్యాలయంలో బట్లెరోవ్ శిష్యులే. ఒకరి నియమం ద్విబంధం ఎక్కడ ఏర్పడుతుందో చెబితే, రెండవవారిది దానికి ఏది ఎటు చేరుతుందో చెబుతుంది.

ఎక్కువ హైడ్రోజన్‌లున్న కార్బన్‌కే హైడ్రోజన్ చేరుతుందన్న మార్కోవ్నికాఫ్ నియమాన్ని సైక్లోహెక్సీన్ మీద చూడలేరు, రెండు కార్బన్‌లూ సమానమే కనుక. అదే 1-మిథైల్ సైక్లోహెక్సీన్‌కు ఆమ్ల సమక్షంలో నీటిని చేరిస్తే, ప్రోటాన్ హైడ్రోజన్ ఉన్న కార్బన్‌కు చేరి, స్థిరమైన తృతీయ కార్బోకాటయాన్ మిగిలి, 1-మిథైల్ సైక్లోహెక్సనాల్ వస్తుంది. అంటే 2-మిథైల్ ఆల్కహాల్‌తో మొదలుపెట్టి, నీటిని తీసి మళ్లీ చేర్చితే, హైడ్రాక్సిల్ సమూహం పక్క కార్బన్‌కు జరిగింది. దాన్ని రెండవ కార్బన్ మీదే నిలపాలంటే బ్రౌన్ హైడ్రోబోరేషన్ పద్ధతి కావాలి. అందులో బోరాన్, హైడ్రోజన్ రెండూ ఒకే ముఖం నుంచి చేరి, ఆక్సీకరణం తరువాత ట్రాన్స్-2-మిథైల్ సైక్లోహెక్సనాల్ ఇస్తాయి. పెరాక్సైడ్‌ల సమక్షంలో హైడ్రోజన్ బ్రోమైడ్ నియమానికి ఎదురుగా చేరుతుందని ఖరాష్, మేయో 1933లో చూపారు. ఆ మినహాయింపు హైడ్రోజన్ క్లోరైడ్‌కూ, అయొడైడ్‌కూ వర్తించదు. పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఆల్కహాల్ రకాన్ని బట్టి వేడి కూడా మారాలి. తృతీయ బ్యూటైల్ ఆల్కహాల్‌కు 20 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం, 85 డిగ్రీలు చాలు. ఇథనాల్‌కు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 170 డిగ్రీలు కావాలి, 140 దగ్గరే ఉంచితే ఇథిలీన్‌కు బదులు డైఇథైల్ ఈథర్ వస్తుంది. కార్బోకాటయాన్ తన రూపం మార్చుకునే అవకాశం ఉన్న అణువులతో మాత్రం ఆమ్ల పద్ధతిని నమ్మకండి. 3,3-డైమిథైల్-2-బ్యూటనాల్ నుంచి ఎక్కువగా వచ్చేది 2,3-డైమిథైల్-2-బ్యూటీన్, అంటే మిథైల్ సమూహం ఒక కార్బన్ నుంచి పక్కదానికి వలస పోయింది. అలాంటి చోట ఆల్కైల్ బ్రోమైడ్‌ను ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేయడం మేలు. అందులో కార్బోకాటయాన్ ఏర్పడకుండా ఒకే మెట్టులో విలోపనం (హైడ్రోజన్, బ్రోమిన్ తొలగి ద్విబంధం ఏర్పడటం) జరుగుతుంది. పొటాషియం తృతీయ బ్యూటాక్సైడ్ వంటి స్థూలమైన క్షారాన్ని వాడితే సేట్జెఫ్‌కు వ్యతిరేకంగా తక్కువ ప్రతిక్షేపణ ఉన్న ఆల్కీన్ ఎక్కువగా వస్తుంది. ద్విబంధం ఫలానా చోటే ఉండి తీరాలంటే, కార్బొనైల్ సమ్మేళనం నుంచి విట్టిగ్ చర్య ద్వారా తయారు చేసుకోవాలి.

నిల్వ, వ్యర్థాలు

సైక్లోహెక్సీన్‌లో ద్విబంధం పక్కనున్న కార్బన్‌ల మీది హైడ్రోజన్‌లు గాలిలోని ఆక్సిజన్‌కు తేలికగా లొంగి, నిల్వలో పెరాక్సైడ్‌లు ఏర్పడతాయి. తయారు చేసిన తేదీ రాసిన రంగు సీసాలో, గట్టి మూతతో, చల్లని చీకటి చోట ఉంచండి. నెలల తరబడి నిలవున్న సీసాను మళ్లీ స్వేదనం చేయబోయే ముందు, ఆమ్లీకృత పొటాషియం అయొడైడ్ ద్రావణంతో కొద్ది నమూనాను కుదిపి చూడాలి. పసుపు లేక గోధుమ రంగు వస్తే దాన్ని వేడి చేయకూడదు, అధ్యాపకులకు అప్పగించాలి. బ్రోమిన్ మిగిలిన గొట్టాల్లో రంగు పోయేవరకు థయోసల్ఫేట్ కలిపి, ఆ తరువాత హాలోజన్ వ్యర్థాల డబ్బాలో పోయండి. ఫ్లాస్క్‌లో మిగిలిన ఆమ్లాన్ని చల్లారాక చాలా నీటిలోకి నెమ్మదిగా వంచి, సోడియం కార్బొనేట్‌తో తటస్థం చేయండి. సైక్లోహెక్సీన్ అంటిన గాజు సామానును మాత్రం సింకులో కడగకుండా, ముందుగా కొద్దిపాటి అసిటోన్‌తో తొలిపి, ఆ అసిటోన్‌ను మండే ద్రావణుల డబ్బాలో వేయాలి.